గీయడానికి అనుమతి, చెరపడానికి అక్కర్లేదా?

సంపాదకులకు,

ఆర్యా,

విశాఖపట్నం జాలరిపేటలో ఒక సందు చివరి ప్రహరీగోడ మీద పేట పిల్లలతో కలిసి నేను పదకొండు రోజులు గీసిన బొమ్మను గత నెలలో ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా తెల్లరంగు కొట్టి మూసేశారు. ఆ గోడ ఒక కార్యాలయానిది, దానికి రంగు వేయించుకునే అధికారం వారికి ఉంది; దానిని నేను కాదనడం లేదు. అయితే గీసేటప్పుడు అర్జీ, నమూనా చిత్రం, పేట పెద్దల సంతకాలు అన్నీ అడిగి తీసుకున్నవారు, చెరిపేటప్పుడు పేటలో ఒక్కరికైనా కబురు చేయనక్కర్లేదని ఎలా అనుకున్నారన్నదే నా ప్రశ్న.

ఇరవై ఆరేళ్లుగా ఈ నగరంలో నాకు ఇదే బతుకుతెరువు. మొదట పూర్ణా మార్కెట్ దగ్గర ఒక ‘ఆర్ట్స్’ దుకాణంలో బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాత బోర్డు అడిగేవారు కరువై, తోటివారిలో కొందరు ఇళ్లకు రంగులేసే పనికి, కొందరు ఆటోలకు వెళ్లిపోగా, నేను గోడలను పట్టుకున్నాను. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకైనా, 2023 మార్చిలో జి-20 సమావేశానికైనా, నగరానికి అతిథులు వస్తున్నారంటే మావంటివారికి పిలుపు వస్తుంది. చదరపు అడుగు లెక్కన కూలి కట్టి, రాత్రి లైట్లు పెట్టి మరీ పని చేయిస్తారు. ఆ పనులను నేను తక్కువ చేసి మాట్లాడను, నా ఇల్లు వాటితోనే గడిచింది. కానీ వాటిలో ఏం గీయాలో ముందే ఫోనులో ఫొటో రూపంలో వచ్చేస్తుంది. సవర గిరిజనుల చిత్రాలను అలా ఫొటో చూసి ఎన్ని గోడల మీద దింపామో లెక్కలేదు. సవరల ఇళ్ల గోడల మీద అవి చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసుకునే చిత్రాలని తెలిసి కూడా, ఒక్క సవర చిత్రకారుణ్ణి పిలుద్దామని మాలో ఎవరూ అనలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

జాలరిపేట గోడ అటువంటిది కాదు. సముద్రానికి అంత దగ్గర గోడలో ఉప్పుతేమ దిగి, ఎండకు తెల్లటి పొడిలా పైకి తేలి, ఎంత ఖరీదైన రంగునైనా పొక్కులు లేపి ఊడగొడుతుంది. అందుకని ముందు పాత సున్నాన్ని ఇనుప బ్రష్షుతో గీకి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, నాలుగు రోజులు ఆరనిచ్చి, ఆ తరువాతే ప్రైమరు వేశాం. నీళ్లు మోసింది పేటలోని ఆడవాళ్లు. నేను గీసిన తెప్పను చూసిన ఒక ముసలాయన “బాబూ, ఆ కట్టు అలగుండదు, తొలి అలకే ఊడిపోద్ది” అని, రెండు కర్రముక్కలు, మూరెడు తాడు తెచ్చుకుని నేల మీద కూర్చుని ముడి వేసి చూపించాడు. ఆయనకు నచ్చేదాకా ఆ ముడిని మూడుసార్లు చెరిపి గీశాను. కానాగంతకు చారలు వీపు మీదే ఉంటాయి గాని పొట్ట మీద ఉండవని చేపలమ్మే ఒకావిడ పిల్లల చేత దిద్దించింది. అన్నేళ్లు ఆ చేపను తింటూ నేనది గమనించనే లేదు. కనుక ఆ బొమ్మ కింద నా పేరు ఒక్కటే రాసుకోవడానికి నాకు మనసొప్పక, పిల్లల పేర్లన్నీ రాయించాను. పద్దెనిమిది పేర్లు. తెల్లరంగు ముందుగా పడింది వాటి మీదే.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మూగది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు వేరొకరికి రాసిచ్చిన తరువాత కూడా, కృతి తనదని చెప్పుకునే హక్కు, దానిని తన పేరుకు మచ్చ వచ్చేలా వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెక్కితే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ తీర్పు చెప్పింది. మా సందులోని తెప్పకూ ఆ కంచు శిల్పానికీ పోలిక లేదని నాకు తెలుసు. కోర్టుకెక్కే ఓపికా, స్తోమతా కూడా నాకు లేవు.

నేను కోరేది చిన్న ఏర్పాటు. ప్రజల స్థలంలో, ప్రజల చేత గీయించిన ప్రతి బొమ్మకూ వార్డు సచివాలయంలో ఒక పుస్తకం పెట్టి, అది ఎప్పుడు గీసినదో, ఎవరెవరు గీశారో రాసి ఉంచితే, గోడకు మరమ్మతు గాని, కొత్త రంగు గాని అవసరమైనప్పుడు పదిహేను రోజుల ముందు ఆ పేటవారికి చెప్పడానికి వీలవుతుంది. ఫొటో తీసుకోవడానికో, కుదిరితే ఇంకో గోడ వెతుక్కోవడానికో ఆ గడువు చాలు. గోడ కూలిపోయేలా ఉంటే బొమ్మ కోసం దానిని అలాగే నిలబెట్టమని ఎవరూ అడగరు.

ఈశాన్య ఋతుపవనాల వానలు వెళ్లి గోడ ఆరేసరికి జనవరి వస్తుంది. అప్పుడు ఆ బొమ్మను కూలి తీసుకోకుండా మళ్లీ వేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రంగుల ఖర్చు తలా కొంత వేసుకుంటామని పేటవారు అంటున్నారు. తెప్ప కట్టు చూపించిన ముసలాయన, ఈసారి తెరచాప కూడా వేయాలని ఇప్పటికే కబురు పంపాడు. గోడ తాలూకు అధికారులు, ముందుగా చెప్పకుండా చెరపబోమని ఒక కాగితం మీద రాసి ఇస్తే పని మొదలుపెడతాం.

భవదీయుడు,
ఒక గోడ చిత్రకారుడు,
విశాఖపట్నం.