రోహిణి కార్తె వెళ్లేదాకా మా పని వేళలు మారుతున్నాయి

విజయవాడలోను, చుట్టుపక్కల ఊళ్లలోను మా చేత డాబాలకు కూల్ పెయింట్ (ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే తెల్లరంగు) వేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. ఈ సోమవారం నుంచి జూన్ రెండో వారం దాకా మా పనివాళ్లు ఉదయం 5:30 నుంచి 10:30 వరకు, మళ్లీ సాయంత్రం 4:30 నుంచి వెలుతురు ఉన్నంతసేపు మాత్రమే డాబా ఎక్కుతారు. వెయ్యి చదరపు అడుగుల డాబాకు ఇదివరకు రెండు రోజులు చెప్పేవాళ్లం, ఇప్పుడు మూడు రోజులు పడుతుంది.

నిరుడు మే నెలలో ఒక గృహప్రవేశం ముహూర్తానికి పని అందించాలన్న తొందరలో మధ్యాహ్నం రెండింటి దాకా పని చేయించాను. పనిలో చేరి అప్పటికి మూడు రోజులే అయిన కుర్రవాడొకడు రోలరుతో వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే, పని మీద ధ్యాస లేదని కసిరాను. కాసేపటికి పిట్టగోడ పక్కనే కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నీడకు దించి, తడిగుడ్డలు కప్పి, విసురుతూ ఆసుపత్రికి చేర్చాం. నాలుగు రోజులకు కోలుకున్నాడు. మాట తడబడటం వడదెబ్బ లక్షణమనీ, కొత్తగా ఎండలోకి వచ్చిన శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందనీ అక్కడి డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ తప్పు ముహూర్తం పెట్టుకున్నవారిది కాదు, నాది.

టీవీలో 42 డిగ్రీలని చెప్పేది నీడన, గాలి ఆడే తెల్లపెట్టెలో ఉంచిన థర్మామీటరు లెక్క. డాబా మీద కాళ్ల కింద సిమెంటు సెగ దానికి తోడవుతుంది. పైగా మేము వేసేది తెల్లరంగు కాబట్టి, ఎండ కిందినుంచి కూడా ముఖాన కొడుతుంది. టోపీ పెట్టుకున్నా మావాళ్లకు గడ్డం కింద, ముక్కుపుటాల దగ్గర చర్మం కమిలేది అందుకే. ఈసారి మెడ కప్పే టోపీలు, పొడుగు చేతుల నూలు చొక్కాలు, నల్ల కళ్లద్దాలు కొన్నాను. కళ్లద్దాలు చెమటకు జారిపోతున్నాయని సగం మంది జేబులోనే పెట్టుకుంటున్నారు, ఇంకా తంటాలు పడుతున్నాం. కొత్తవాళ్లకు మొదటి వారం ఉదయం పూట మాత్రమే పని ఇస్తాం, కూలి మాత్రం పూర్తిగా ఇస్తాం. కేరళలో ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించరాదని కార్మిక శాఖే ఉత్తర్వు ఇస్తుంది. బెజవాడ ఎండ అక్కడికంటే తక్కువేమీ కాదు.

ఒప్పుకున్న పనులకు ధర మారదు. కొత్త పనులకు చదరపు అడుగుకు 2 రూపాయలు పెంచక తప్పడం లేదు. కాలిన స్లాబు మీద రంగు పట్టకముందే ఆరిపోయి పొరలు లేస్తుంది కాబట్టి, పొద్దున్నే వేయడం మీ డాబాకూ మంచిదే.

తెల్లవారకముందే మెట్ల తాళం తీసి ఉంచండి. పైట్యాంకు నీళ్లు పదింటికే వేడెక్కిపోతాయి, అందువల్ల ముఖం కడుక్కోవడానికి కింది కుళాయి వాడుకోనివ్వండి.