తంగేడో కసివిందో చెప్పే దిక్కేది?

సంపాదకులకు నమస్కారం.

వానలు తగ్గి కసివింద కాయలు ఎండే కాలం వస్తోంది. తంగేడులాగే పసుపు పువ్వులు పూసే ఈ మొక్క గింజలు పసిపిల్లలకు విషం. ఈ సంగతి పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

దేవరకొండ దగ్గర ఒక తండాలో నేను అంగన్‌వాడీ టీచరును. మా కేంద్రం వెనక, కూరగాయల మడి పక్కన నడుమెత్తు మొక్కలు గుంపుగా మొలిచాయి. బతుకమ్మకు పేర్చే పువ్వు కదా అని ఎవరూ వాటిని పీకలేదు. కాయలు ఎండాక పిల్లలు వాటిని చిదిమి, గింజలను కొబ్బరి చిప్పలో పోసి పప్పు వండే ఆట మొదలుపెట్టారు. ఒక చిన్నపిల్ల ఆ పప్పును నోటి దాకా తీసుకుపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ మొక్క ఏమిటో తెలుసుకోవడం ఇంత కష్టమా? ఊళ్లో తలా ఒక పేరు చెప్పారు. ఫోనులో ఫొటో తీసి వెతికితే పేర్ల వరస వచ్చింది, అందులో ఏది నిజమో తెలియదు. ఒక కార్యాలయంలో అడిగితే పిచ్చిమొక్క, మందు కొట్టించండి అన్నారు. చివరికి పువ్వూ కాయా ఉన్న కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుని నల్గొండలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె ఆకును వేళ్ల మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. ముక్కు మూసుకోవలసినంత కంపు. కొమ్మను అంటుకునే చోట ఆకు కాడ మీద గోధుమరంగు బుడిపె ఒకటి చూపించి, ఇది తంగేడు కాదు, కసివింద అన్నారు. తంగేడుకైతే ఆకుల జతల మధ్య వరసగా బుడిపెలుంటాయి, కాడ మొదట్లో చెవుల్లాంటి రెండు రేకులుంటాయి. తంగేడు ఆకు కాడకు ఎనిమిది నుంచి పన్నెండు జతలు, కొసలు గుండ్రం. కసివిందకు నాలుగైదు జతలే, కొసలు కోసుగా ఉంటాయి. తంగేడు కాయ కాగితంలా పలచన, కసివింద కాయ సన్నగా కొంచెం వంపు తిరిగి ఉంటుంది.

ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏటా చలికాలం ముందు పసిపిల్లలు స్పృహ తప్పి చనిపోతుంటే చాలాకాలం మెదడువాపు వైరస్ అనే అనుకున్నారు. బిజ్నోర్ పిల్లల వైద్యుడు విపిన్ వశిష్ఠ, వెల్లూరుకు చెందిన వైరస్ శాస్త్రవేత్త జాకబ్ జాన్ కలిసి కసివింద గింజలే కారణమని తేల్చి 2007లో ప్రచురించారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటాయి. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లల మరణాలను పరిశీలించిన నిపుణులు కూడా జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్ జబ్బుతో పాటు ఈ గింజను కారణంగా చూపారు. మందుగా వాడే మొక్కే కదా అని మా తండాలో కొందరన్నారు. తెలిసినవారు మోతాదు చూసి వాడడం వేరు, పస్తు కడుపుతో ఉన్న రెండేళ్ల పిల్ల గుప్పెడు గింజలు నమలడం వేరు.

పీకిపారేస్తే సరిపోతుంది, పేరెందుకు అంటారా? ఉమ్మెత్త తిన్న పిల్లాడికి నోరెండి కంటిపాపలు పెద్దవవుతాయి. పచ్చగన్నేరు గింజ గుండె మీద పనిచేస్తుంది. కంచెలకు నాటే అడవి ఆముదం గింజలు రుచిగానే ఉంటాయి, తిన్నాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఏం తిన్నాడో చెప్పకపోతే డాక్టరు వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలి? అందుకే తల్లులకు ఒక మాట: బలవంతంగా కక్కించకండి, 108కి ఫోన్ చేయండి, తిన్న కాయనూ ఆ కొమ్మనూ ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒకటే. రైతు వేదికల్లో పంట తెగుళ్ల బొమ్మలు పెడుతున్నట్లే మన నేలలో మొలిచే విషపు మొక్కల ఎండు నమూనాలు కూడా పెట్టండి. మా జిల్లాలోనూ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు వారానికి ఒక పూట తలుపు తెరిచి, మొక్క పట్టుకొచ్చిన వారికి పేరు చెప్పి పంపితే మాలాంటి వాళ్లం ఇన్ని చోట్ల తిరగనక్కరలేదు.

మీ పత్రికలో బతుకమ్మ పండుగకు ముందే తంగేడు, కసివింద ఫొటోలు పక్కపక్కన వేయమని కోరుతున్నాను. పువ్వు ఒక్కటే వేస్తే లాభం లేదు, రెండూ పసుపే. ఆకు, కాయ స్పష్టంగా కనబడాలి.

— ఒక అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ మండలం, నల్గొండ జిల్లా