పోరంకి నివాసుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా ఏడాది పనుల్లోకి వస్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మన మహిళా సభ్యులు పులిహోర పొట్లాలు కట్టారు, దుప్పట్లు పోగుచేశారు. గ్రూప్ హౌస్‌లలో ఉండేవాళ్లు, పాత ఊరివాళ్లు ఒకే చోట కూర్చుని పనిచేయడం ఆ రోజుల్లోనే చూశాం. వీధి దీపాలు, దోమల మందు, మురుగు కాలువ పూడిక గురించి అర్జీలు పెట్టాం. కొన్ని పనులు అయ్యాయి, కొన్ని కాలేదు. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, చూసుకోవచ్చు.

ఇక ఈ ఏడాది మనం చేసిన అసలు పని సంక్రాంతికి జరిపిన ఇళ్ల జ్ఞాపకాల సభ. పండక్కి పిల్లలందరూ ఊళ్లో ఉంటారని ముక్కనుమ సాయంత్రం పెట్టాం. చుట్టూ పొలాలున్న ఊరు మన కళ్లముందే మారిపోయింది. పంచాయతీ పోయి, కానూరు, తాడిగడప, యనమలకుదురుతో కలిసి మున్సిపాలిటీ అయింది. ఇక్కడ ఎలాంటి ఇళ్లు ఉండేవో చెప్పగలిగినవాళ్లు ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేయాలన్నది మన ఆలోచన.

తాటాకు ఇంట్లో పుట్టి పెరిగిన ఒక పెద్దమ్మగారు ముందు మాట్లాడారు. రోహిణి కార్తెలో పడమటి గాలి లేస్తే పొద్దెక్కాక పొయ్యి వెలిగించొద్దని ఊళ్లో టముకు వేయించేవారట. తెల్లవారకముందే వంట ముగించి, నిప్పుల మీద నీళ్లు చల్లి, బూడిదలో చెయ్యి పెట్టి చూసిగానీ వాళ్లమ్మ పొలానికి కదిలేది కాదట. ఒక ఇల్లు అంటుకుంటే వరసంతా పోయేది. ఏటా తొలకరికి ముందు కొత్త ఆకు కప్పించాలి. ఆ ఖర్చుకు డబ్బు లేని ఏడాది వానాకాలమంతా మంచాలు ఇటూ అటూ జరుపుకుంటూ గడిపామని ఆవిడ చెబుతుంటే వెనక వరసలో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టారు.

పెంకుటిళ్ల గురించి మగవాళ్లు చాలా మురిపెంగా చెప్పారు. మండువాలో పడే వాన, వీధి అరుగు మీద పేకాట, దొడ్లో గడ్డివాము, వసారాలో ధాన్యం పురి. అప్పుడు ఒక వదినగారు లేచి, "అరుగు మీద కూర్చుంది మీరు, కారే చోటల్లా గిన్నెలు పెట్టింది మేము. కోతులు పెంకులు కదిపితే మళ్లీ సర్దించేదాకా నిద్ర లేదు. నాకు ఈ ఫ్లాటే హాయి" అన్నారు. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రికార్డు చేశాం. పాత ఇళ్లను పొగడడం ఒక్కటే మన పని కాకూడదని నా గట్టి అభిప్రాయం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి ఇక్కడా గాలి ఎలా కొట్టిందో ఇద్దరు ముగ్గురు చెప్పారు. పెంకులు లేచి ఎగురుతుంటే పిల్లల్ని దుప్పట్లో చుట్టుకుని వీధిలో ఉన్న ఒకే ఒక డాబా ఇంటికి పరిగెత్తారు. ఆ ఇంట్లో తెల్లవార్లూ నిలబడేందుకు కూడా చోటు లేదట. ఆ తర్వాత చేతిలో పంట డబ్బు ఆడినవాళ్లంతా స్లాబు వేయించుకోవడం మొదలుపెట్టారని వాళ్ల మాట.

కాలనీ నుంచి వచ్చిన ఒక అక్క చెప్పింది వేరే కథ. 1983 తర్వాత ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం పేదలకు పక్కా ఇళ్లు కట్టించిన రోజుల్లో వాళ్ల నాన్నకు ఇల్లు వచ్చింది. ఒక గది, ముందు వరండా. అంతకుముందు వేరేవాళ్ల దొడ్లో పాక వేసుకుని, వాళ్లు పొమ్మన్నప్పుడల్లా పీక్కునేవాళ్లట. పట్టా కాగితాన్ని ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. సభకు తెచ్చి చూపించింది కానీ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆటోనగర్‌లో పనికి వచ్చి వాటాల్లో అద్దెకున్నవాళ్లూ మాట్లాడారు. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటు వస్తుందనగానే అద్దెలు ఎలా పెరిగాయో, మంచి నీళ్లు, మెట్లకింద బండి చోటు దగ్గర ఓనర్లతో ఎంత టెన్షన్ పడ్డారో చెప్పారు. ఇల్లు మారిన ప్రతిసారీ పాలు పొంగించామన్న మాట విన్నాక, సొంతిల్లు ఉన్నవాళ్లవే జ్ఞాపకాలు అనుకోవడం ఎంత పొరపాటో సభలో అందరికీ అర్థమైంది.

సభ దగ్గర పెట్టిన ప్రదర్శనలో ఎక్కువమంది ఆగి చూసింది ఒక ద్వారబంధాన్ని. అన్నదమ్ములు నలుగురూ స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చి సగం ఫ్లాట్లు పంచుకున్నారు. ఇల్లు పడగొట్టేటప్పుడు పెద్దాయన టేకు ద్వారబంధం అమ్మనివ్వలేదు. ఇప్పుడది సెల్లారులో కార్ల వెనక గోడకు ఆనించి ఉంటుంది. కింది గడప చెక్కలో పద్మాల గీతల మధ్య పసుపు ఇంకా పచ్చగానే ఉంది, ఒక పక్క పిల్లల ఎత్తు కొలిచిన మేకు గీతలు ఉన్నాయి. దాన్ని మోసుకొచ్చి, మళ్లీ జాగ్రత్తగా దింపివచ్చిన కుర్రాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

అలాగే షామియానా అద్దె తీసుకోకుండా వేసిన టెంట్ హౌస్ వారికి, మైకు ఇచ్చిన గుడి కమిటీకి, పాత ఫోటోలు నమ్మి మన చేతికిచ్చిన కుటుంబాలకు, అరిసెలు, జంతికలు పంపిన ఆడపడుచులకు, రికార్డింగు చేసిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు, రాత్రి చివరిదాకా ఉండి కుర్చీలు సర్దిన మన ఉపాధ్యక్షులవారికి పేరుపేరునా వందనాలు.

రెండు మాటలు బాధతోనే చెప్పాలి. ముఖ్య అతిథిగా వస్తానని ఒప్పుకున్న అధికారి కోసం ఎనభై దాటిన పెద్దవాళ్లను ఎండలో కూర్చోబెట్టి ఎదురుచూశాం. రాలేదు సరే, రావడం లేదని ఒక్క ఫోనైనా లేదు. ఊరి పాత పటం నకలు కోసం ఒక ఆఫీసులో పెట్టిన అర్జీకీ ఇంతవరకు జవాబు లేదు. ఇక మన సంగతి. వాట్సాప్ గ్రూపులో వాలంటీర్లుగా పేరిచ్చినవాళ్లలో పనికి వచ్చింది కొద్దిమందే. ఆ కొద్దిమందే భోజనాలు చూశారు, పెద్దవాళ్లను ఇంటిదగ్గర దింపారు. రాలేనివాళ్లు ముందే చెబితే వేరేవాళ్లను పెట్టుకుంటాం. పేరిచ్చి రాకపోవడం న్యాయం కాదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. సభ ఖర్చు విరాళాల్లోనే సరిపోయింది, సంఘం డిపాజిట్‌ను ముట్టుకోలేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం కోరేది ఒకటే. రికార్డు చేసిన మాటలు కాగితం మీద పెట్టాలి. తెలుగు తప్పుల్లేకుండా రాయగలవాళ్లు కావాలి. నిడమానూరు రోడ్డు వైపు పడగొట్టబోతున్న రెండు పెంకుటిళ్ల ఓనర్లు లోపల ఫోటోలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మంచి కెమెరా ఉన్న సభ్యులు ఈరోజే నా దగ్గర పేరివ్వండి, ఉగాది లోపు ఆ పని అయిపోవాలి. చందా బాకీ ఉన్నవాళ్లు భోజనాలకు ముందే కోశాధికారి గారికి కట్టి రసీదు తీసుకోగలరు.

ఇట్లు
కార్యదర్శి