బాలాపూర్ పోయొచ్చినంక నీకు రాస్తున్న

మామా, ఎట్లున్నవ్ రా? నీ మెసేజ్ చూసిన, ఫోన్ల చెప్తే తెగేది కాదని కూసొని రాస్తున్న. రోహింగ్యాల గురించి "మనోళ్లకే ఇండ్లు లేవు, వాళ్లకెందుకురా" అన్నవ్ గద, కోపం రాలే, మొన్నటిదాంక నేను గూడ గట్లనే అనుకునేటోణ్ణి.

పోయిన ఆదివారం దోస్తులతోని, ఓ చిన్న సంస్థ వాళ్లతోని కలిసి బాలాపూర్ దిక్కు, మయన్మార్ నుంచి పారిపోయొచ్చిన రోహింగ్యాల బస్తీకి పోయిన, వానల ముంగట టార్పాలిన్లు పంచేటందుకు. బాలాపూర్ అంటే మనకు లడ్డూ వేలమే యాదికొస్తది, జర లోపల్కి పోతే ఖాళీ ప్లాట్లల్ల బొంగులు, పాత ఫ్లెక్సీలు కలిపి కట్టిన గుడిసెలు. ఇన్నేండ్లు ఇదే హైదరాబాద్‌ల ఉండి ఒక్కసారి గూడ అటు పోలే.

ఒకామె లోపల్కి పిలిచింది. నీళ్లొస్తయని ఇటుకలు పేర్చి, మీద చెక్కలేసి, దానిపైన చాప పరిచిన్రు. బొంగుకు ఓ ప్లాస్టిక్ కవర్ వేలాడుతుంది, ఏందమ్మా అంటే విప్పి చూపెట్టింది, ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డులు, ఇంట్ల అందరియి. వానొచ్చినా నిప్పంటుకున్నా ముందు పిల్లలు, తర్వాత ఆ కవర్, ఇంకేం ముట్టుకోం అని చెప్పింది. 2020 అక్టోబర్ల గుర్రం చెరువు కట్ట తెగితే హాఫిజ్‌బాబానగర్‌ల పక్కా ఇండ్లే మునిగినయ్ గద, ఇగ వీళ్ల గుడిసెల సంగతి నువ్వే ఆలోచించు.

అసలు గడబిడ ఏడుందంటే, మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలే, ఆ కార్డు ఉన్నా ఆధార్ ఉండది, ఆధార్ లేకుంటే బ్యాంకు ఖాతా, సిమ్ము, రేషన్ అన్నీ కష్టమే. అటు మయన్మార్‌ల 1982 చట్టంతోని పౌరసత్వమే లేకుండ చేసిన్రు, 2012ల, మళ్ల 2017 ఆగస్టుల ఊర్లకు ఊర్లు తగలబెట్టిన్రు. మనోడు రోడ్డు మీద పడ్డా జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్ ఉంటది, లేకుంటే సొంతూరి బస్సెక్కుతడు, వీళ్లు ఏ బస్సెక్కాలె చెప్పు?

గుడిసె ఊకనే ఉండదు రా, నేలకు కిరాయి కట్టాలె, కాగితం ఏం రాసుకోరు. ఆ ఇంటాయన చెత్త ఏరే పనికి పోతడు, కాలికి గాజుపెంకు గుచ్చుకొని నెల రోజులు పని బంద్, కిరాయి ఆగింది, స్థలం ఓనర్ పది రోజుల్ల ఖాళీ చెయ్యమన్నడంట. మేం పోయిన సంస్థ వాళ్లే ఆయనతోని మాట్లాడి, రెండు నెలలది కట్టి ఆపిన్రు. కోవా లాంటి సంస్థలు గూడ ఏండ్ల నుంచి వీళ్లతోని పనిచేస్తున్నయ్. ఈ చిన్న సంస్థల పని పైకి కనబడదు మామా, పిల్లను బడిల చేర్పిచ్చుడు, దవాఖానకు తోలుకపోయి వీళ్ల మాట డాక్టర్‌కు చెప్పుడు, ఓనర్‌ను బతిమాలుడు, గివే.

నాకు సమజైంది ఏందంటే, రంజాన్‌ల బియ్యం, బట్టలు మస్తొస్తయ్, మంచిదే, ఆగస్టుల కిరాయి ఎవ్వరియ్యరు. ఆమె గూడ గదే అన్నది, "భాయ్, బియ్యం ఉన్నయ్, పెట్టుకునేటందుకు జాగ కావాలె" అని.

అందుకే ఈ యాడాది బర్త్‌డే పార్టీ పైసలు ఆ సంస్థ కిరాయి ఫండ్‌కే ఇస్తున్న. నువ్వు పైసలియ్యకున్నా సరే, వచ్చే ఆదివారం నీ ఆటో ట్రాలీ తీస్కరా, బొంగులు మొయ్యాలె, పొద్దుగాల ఏడింటికి చాంద్రాయణగుట్ట చౌరస్తాల నిలబడ్త.