మోటారులో నీళ్లు నింపడం మర్చిపోయాను

సంపాదకులకు నమస్కారం.

మందు గురించి పేపర్లో వచ్చేవన్నీ చదువుతుంటాను. లివర్ చెడిపోవడం, డ్రంకెన్ డ్రైవ్ కేసులు, బెల్టు షాపుల గొడవలు. నేను రాసేది వాటి ముందు చిన్న విషయమే. కానీ దాని వల్ల మొన్న యాసంగిలో ఒక రైతు ముందు తలెత్తుకోలేకపోయాను.

సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రంలో మోటార్ వైండింగ్ షాపు నాది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. షాపు కట్టేశాక ఒక క్వార్టర్ తాగడం పదిహేనేళ్ల అలవాటు. తాగి ఎవరితోనూ గొడవ పడలేదు, బండి మీద నుంచి పడలేదు. పొద్దున ఎనిమిదింటికల్లా షట్టర్ తీస్తాను. కాబట్టి మందుతో నాకే ఇబ్బందీ లేదని ధీమాగా ఉండేవాణ్ని.

నాట్లు పడుతున్న రోజుల్లో ఒక అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ కాలిపోయి వచ్చింది. నాలుగెకరాల వరికి ఆ రైతుకు ఒకటే బోరు. తెల్లారి ఆరింటికి వచ్చి తీసుకుపొమ్మన్నాను. వైండింగ్ అయ్యేసరికి రాత్రి ఏడున్నర. ఈ మోటార్లను బోరులోకి దించే ముందు లోపల మంచినీళ్లు నింపాలి. థ్రస్ట్ బేరింగ్‌కీ బుష్‌లకీ ఆ నీళ్లే ఆయిల్. పొద్దున నింపుదామని బకెట్, గరాటు మోటారు పక్కనే పెట్టి షట్టర్ దించాను. తర్వాత రోజూలాగే క్వార్టర్.

ఆరింటికి ట్రాలీ ఆటో వచ్చింది. ఇద్దరం కలిసి మోటారు ఎత్తి అందులో పెట్టాం. ఎత్తేటప్పుడు బకెట్ అడ్డమొస్తే నా కాలితోనే పక్కకు నెట్టాను. నీళ్లు తొణికి చెప్పు తడిసింది కూడా. అయినా గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి మోటారు తిరిగొచ్చింది. "ఏందన్నా, కొత్త వైండింగ్ అంటివి, గంట కూడా నడవకపాయె" అన్నాడు రైతు. బేరింగ్ మాడిపోయింది. బోరులోంచి పైపులు మళ్లీ లాగిన కూలి, కొత్త బేరింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అతని నారు రెండు రోజులు ఎండింది, దానికి నేనేం ఇవ్వగలను?

డిగ్రీలో సైకాలజీ చదువుతున్న మా చిన్నమ్మాయికి చెబితే, దీనికి ప్రాస్పెక్టివ్ మెమరీ అని పేరుంది నాన్నా అంది. జరిగిపోయింది గుర్తుండటం ఒకటి, చేయాల్సిన పని సమయానికి గుర్తు రావడం ఇంకొకటి అట. లండన్‌లో యూనివర్సిటీ వాళ్లు కొందరికి మందు, కొందరికి మందులాగే అనిపించే ఉత్తి డ్రింకు ఇచ్చి, ఫలానాది కనబడగానే ఈ పని, ఇన్ని గంటలకు ఆ పని అని అప్పగించి చూశారట. మందు తాగినవాళ్లు ఎక్కువ పనులు మర్చిపోయారు. ఇచ్చిన మోతాదు ఒంటి బరువు కిలోకి 0.6 గ్రాముల ఆల్కహాల్. డెబ్బై కిలోల మనిషికి 42 గ్రాములు. మనం తాగే విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి, ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాములు. నేను రోజూ తాగేది వాళ్ల పరీక్ష కన్నా ఒకటిన్నర రెట్లు!

నాది తెల్లారి జరిగిన మతిమరుపు కదా, అప్పటికి దిగిపోయి ఉంటుంది కదా అని వాదించాను. ఎక్కువ తాగేవాళ్లు తాగని రోజు కూడా ఇలాంటి పనులు ఎక్కువగా మర్చిపోతున్నారని బ్రిటన్‌లోనే వేరే పరిశోధనలు ఉన్నాయంది. మా ఆవిడకు ఆ పరిశోధనలేవీ అక్కర్లేదు. "మాల ఏసుకున్న 41 దినాలు నీకు ఒక్క పని గుర్తు చెయ్యలే నేను" అంది. నిజమే. అయ్యప్ప మహిమ అనుకున్నాను అప్పట్లో.

ఫోన్లో అలారం పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాను. మోగింది, ఆపాను. ఎందుకు పెట్టానో గుర్తు లేదు.

తాగిన రాత్రి ఏం జరిగిందో గుర్తు లేకపోతే మనిషికి భయం వేస్తుంది, నలుగురూ చెబుతారు. చేయని పని అలా కనబడదు. మర్చిపోయానన్న సంగతే గుర్తుండదు కదా. ఎదుటివాళ్లేమో మాట మీద నిలబడడు, అబద్ధాలకోరు అనుకుంటారు. ఇంట్లో బీపీ గోళీ, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, బ్యాంకులో కట్టాల్సిన కిస్తీ, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారు. ఇక మా ఊళ్లలో ఎన్ని పనులు ఇలా పోతున్నాయో ఎవరు లెక్క పెడతారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థది తాగుడు అలవాటును అంచనా వేసే పది ప్రశ్నల పట్టీ ఒకటి ఉంది. రాత్రి సంగతులు గుర్తు లేకుండా పోయాయా అని అందులో అడుగుతారు. చేయాల్సింది చేయలేకపోయారా అనీ ఉంది. చేస్తానన్న పని మర్చిపోయారా అని మాత్రం విడిగా లేదు. పీహెచ్‌సీ డాక్టర్లు, ఆశా కార్యకర్తలు ఆ ఒక్క మాట అడగాలని నా మనవి. తాగేవాణ్ని కాదు, అతని భార్యను అడగాలి. వాడికి తెలియదు.

క్వార్టర్ పూర్తిగా మానానని రాస్తే అబద్ధమవుతుంది. వారానికి రెండు రోజులకు తగ్గింది. మోటారులో నీళ్లు మాత్రం రాత్రే నింపి, నీళ్లు పోసే రంధ్రానికి ప్లగ్గు బిగించాకే షట్టర్ దించుతున్నాను. ఆ రైతు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. ఆటోలో ఎక్కించే ముందు ఏమీ అనకుండా ప్లగ్గు విప్పి, వేలు పెట్టి చూసుకుంటాడు.

ఇట్లు,
ఒక మోటార్ మెకానిక్, సూర్యాపేట జిల్లా
(పేరు వేయవద్దని మనవి)