బాంబు పడని నగరం

సంపాదకునికి,

ఐరోపా నగరాల పునర్నిర్మాణంపై మీ ఆదివారం వ్యాసం రోటర్‌డామ్‌నూ స్టాక్‌హోమ్‌నూ ఒకే గాటన కట్టింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నడిబొడ్డును 1940 మే 14న జర్మన్ బాంబులు నేలమట్టం చేశాయి; కొత్తగా కట్టక తప్పలేదు. స్వీడన్ అసలు యుద్ధంలోనే లేదు. స్టాక్‌హోమ్‌లోని పాత క్లారా పేటను కూల్పించింది నగర పాలకులే. మెట్రోకు తవ్వాలన్నారు, కార్లకు దారి కావాలన్నారు. 1950, 60 దశకాల్లో వందలాది భవనాలు పోయాయి. అక్కడి హోటోర్యెట్ కూడలి దగ్గర ఒకే పోలికతో ఐదు ఎత్తైన మేడలు వరుసగా లేచాయి. అంతకుముందు నగర ప్రణాళికాధిపతిగా ఉన్న స్వెన్ మార్కెలియుస్ వాటిలో ఒకదానికి స్వయంగా రూపకర్త! మేడలు చూడముచ్చటగానే ఉంటాయి, కాదనను. కానీ చేజేతులా కూల్చుకున్నదాన్ని 'పునర్నిర్మాణం' అని రాయడమెందుకు?

— ఒక పాఠకుడు, విజయవాడ