నడుం ఆపరేషన్‌కి ముందే ఫలితం గురించి పేషెంట్‌తో మాట్లాడాలి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను చీపురుపల్లి వైపు ఫిజియోథెరపీ చేస్తుంటాను, నా దగ్గరకి వచ్చేవాళ్లలో జూట్ మిల్లు పనివాళ్లు, కలాసీలు, నాట్లకి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయ్యి వచ్చేవాళ్లని చూస్తుంటే ఈ లెటర్ రాయకుండా ఉండలేకపోతున్నా. ఆపరేషన్‌కి ముందు వాళ్లు విన్నది ఒక్కటే మాట, డిస్క్ జారింది నరం నొక్కేస్తోంది, ఆపరేషన్ చేస్తే సెట్ అయిపోద్ది అని. ఎంతవరకు సెట్ అవుద్ది, కాలు లాగుడు పోతుందా, నడుం నొప్పి కూడా పోతుందా, మళ్లీ బస్తా ఎత్తగలడా, ఇవి చెప్పేవాళ్లు తక్కువ, పేషెంట్లూ అడగరు, అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని భయం.

మొన్నామధ్య ఒక మిల్లు వర్కర్ వచ్చాడు. "కాలు నొప్పి పోనాది బాబూ, నడుం మాత్రం అలాగే ఉండిపోనాది, ఆపరేషన్ పాడైపోనాదేటి?" అన్నాడు. పాడవ్వలేదు, ఆపరేషన్ చెయ్యాల్సిన పని చేసింది. డిస్కెక్టమీ, అంటే ఈ డిస్క్ ఆపరేషన్, ముఖ్యంగా నరం మీద ఒత్తిడి తీసెయ్యడం, అందుకే పిర్ర నుంచి పిక్క మీదుగా పాదం దాకా లాగే నొప్పికి బాగా పనిచేస్తుంది, నడుం నొప్పే ఎక్కువ ఉన్నవాళ్లకి అంత గ్యారంటీ ఇవ్వలేం. ఈ రెండు ముక్కలు ముందే చెప్పుంటే ఆ మనిషి నెలల తరబడి దిగులు పడేవాడు కాదు కదా.

ఫలితం చాలావరకు ముందే అంచనా వెయ్యొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు మెల్లగా ఎత్తుతాం, నరం నొక్కుకున్నవాళ్లు సగం లేవకముందే అమ్మో అని పిక్క పట్టుకుంటారు. తర్వాత కాలి బలం తగ్గిందేమో చూడ్డానికి మడమల మీద నడవమంటాం, బొటనవేలు పైకి లేపి ఉంచమని దాన్ని కిందకి నొక్కి చూస్తాం. ఇక్కడ తేలింది, పేషెంట్ చెప్పే నొప్పి దారి, స్కాన్‌లో నొక్కుకున్న నరం, మూడూ కలిస్తే ఆపరేషన్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక్క స్కాన్ చూసి మాత్రం పెట్టుకోకూడదు, ఎందుకంటే 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఏ నొప్పీ లేని 20 ఏళ్లవాళ్లలో కూడా 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం. మన దగ్గర రిపోర్టులో ఎల్4-ఎల్5 బల్జ్ (నడుం కింది భాగంలో డిస్క్ ఉబ్బు) అని ఉంటే చాలు ఇంటిల్లిపాదీ కంగారు.

నొప్పి మొదలై ఆర్నెల్లు దాటినవాళ్లకి ఫలితం తగ్గుతుందని అమెరికాలో వెన్ను పేషెంట్ల మీద జరిగిన స్పోర్ట్ (SPORT) అనే స్టడీలో తేలింది. పొగ తాగడం ఇంకోటి, మన వైపు ఆడవాళ్ల అడ్డపొగ (చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని తాగడం) కూడా లెక్కలోకే వస్తుంది, అది అడిగేవాళ్లే లేరు. డిప్రెషన్, నిద్ర లేకపోవడం, ముందే ఒకసారి అయిన నడుం ఆపరేషన్, ఇవన్నీ అడగాల్సినవే. ఆలస్యం ఎందుకవుతుందంటే ఊళ్లో నొప్పి ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ కాలం గడిపేస్తారు, ఆ మందులు కిడ్నీలకి చేటు, అసలే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు అవి వాడుతున్నారంటే నాకు గుండె దడ.

అలాగని తొందరపడమనీ కాదు. నెదర్లాండ్స్‌లో కాలు లాగే నొప్పి ఉన్న 283 మంది మీద చేసి 2007లో ప్రచురించిన స్టడీలో వెంటనే ఆపరేషన్ గ్రూపువాళ్లు త్వరగా కోలుకున్నారు, ఆగి చూద్దామన్న గ్రూపులో 39 శాతం మందికి తర్వాత ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది, ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గ్రూపుల్లోనూ 95 శాతం మంది బాగున్నామన్నారు. రోజు కూలీకి త్వరగా తగ్గడం అంటే బియ్యం సంగతి, కాబట్టి ఆ లెక్క వాడికే చెప్పి వాణ్నే తేల్చుకోనివ్వాలి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పడిపోతున్నా మాత్రం ఏ లెక్కలూ వద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

స్వీడన్‌లో వెన్ను ఆపరేషన్ల రిజిస్టర్ నుంచి ఒక టూల్ తయారుచేశారు, పేషెంట్ వివరాలు ఎక్కిస్తే ఇలాంటివాళ్లు ఆపరేషన్ తర్వాత ఎలా ఉన్నారో చూపిస్తుంది, డాక్టరూ పేషెంటూ పక్కపక్కన కూర్చుని చూస్తారు. దాన్ని తెచ్చి మన కలాసీకి వాడెయ్యలేం, అక్కడి పని వేరు, ఒళ్లు వేరు. మన లెక్క మనమే కట్టుకోవాలి.

అందుకే ఆరోగ్య శాఖ వాళ్లని అడుగుతున్నా, ఎన్టీఆర్ వైద్య సేవలో డిస్క్ ఆపరేషన్‌కి అప్రూవల్ ఇచ్చేటప్పుడు స్కాన్‌తో పాటు ఒక తెలుగు కాగితం కూడా పెట్టించండి. కాలు నొప్పి పదికి ఎంత, నడుం నొప్పి ఎంత, ఎన్ని నెలల నుంచి, ఏం పని, పొగ అలవాటు, ఏం తగ్గుతుంది ఏం తగ్గకపోవచ్చు అన్నీ రాసి చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఏడాది తర్వాత అదే మనిషికి ఫోన్ చేసి అవే ప్రశ్నలు మళ్లీ అడిగించండి. ముందు విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మొదలుపెట్టినా చాలు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్, చీపురుపల్లి, విజయనగరం జిల్లా